బెండు నుంచి థర్మాకోల్ దాకా: ఓరుగల్లు ప్రాంతంలో తేలిక పదార్థాల వస్తుచరిత్ర, పదచరిత్ర

వ్యాససంగ్రహం:
వరంగల్, హనుమకొండ బజార్లలో పుస్తకాల దుకాణం మొదలు హార్డ్‌వేర్ దుకాణం దాకా ‘థర్మాకోల్’ అనే ఒకే పేరుతో అమ్ముడయ్యే తెల్లని పలక విద్యార్థి చేతిలో నమూనా అవుతుంది, మండపంలో అలంకారమవుతుంది, రేకుల ఇంట్లో చల్లదనానికి ఆధారమవుతుంది. ఈ పలకకు ముందు తెలుగునేలపై తేలిక పదార్థాలకు ఉన్న చరిత్రను రామప్ప ఇటుక, జీలుగుబెండు ఆధారంగా పరిశీలించడం, ‘థర్మాకోల్’ అనే పేరు తెలుగులో స్థిరపడిన తీరును వివరించడం, ఒకే పేరు కింద వేర్వేరు సరుకులు కలిసిపోవడం వల్ల కొనుగోలుదారుకు, చట్టానికి ఎదురవుతున్న చిక్కులను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బెండు, థర్మాకోల్, పాలీస్టైరీన్, రామప్ప, ఉష్ణబంధకం, ఇంటికప్పు, వస్తుసంస్కృతి, పదచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
వస్తుసంస్కృతి అధ్యయనంలో మన దృష్టి ఎక్కువగా కనుమరుగవుతున్న వస్తువుల మీదే నిలుస్తుంది. రోలు, తిరగలి, కవ్వం, గుమ్మి వంటివాటిపై వ్యాసాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. అవి అవసరమే. అయితే వాటి స్థానంలోకి వచ్చిన వస్తువులకూ చరిత్ర ఉంటుంది. అవి ఎక్కడ పుట్టాయి, ఏ పేరుతో మన భాషలోకి వచ్చాయి, దేన్ని పక్కకు నెట్టాయి అనే ప్రశ్నలు వేయకపోతే వస్తుచరిత్ర సగమే అవుతుంది. థర్మాకోల్ అటువంటి వస్తువు. దాన్ని చూడని తెలుగువారు అరుదు. దాని గురించి తెలుగులో జరిగిన ఆలోచన మాత్రం స్వల్పం.

ఈ పరిశీలనకు వరంగల్‌ను క్షేత్రంగా ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. తేలికదనాన్ని నిర్మాణ సూత్రంగా వాడుకున్న 13వ శతాబ్దపు కట్టడం ఈ ప్రాంతంలోనే ఉంది. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండల్లో, కాంక్రీటు కప్పుల కింద, రేకుల కింద బతుకుతున్న నగరమూ ఇదే. మొదటిది తేలిక పదార్థపు గతాన్ని, రెండవది దాని నేటి అవసరాన్ని చూపుతాయి.

2. రామప్ప ఇటుక: బరువు తగ్గించే నేర్పు:
పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని జనం రామప్ప గుడి అంటారు. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఆ ఊరు నేడు ములుగు జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీన్ని కట్టించాడు. నిర్మాణం 1213లో మొదలైనట్లు శాసనం ఆధారంగా చెబుతారు. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపులో శిల్పసౌందర్యంతో పాటు రెండు నిర్మాణాంశాలకు ప్రత్యేక ప్రస్తావన లభించింది. ఒకటి ఇసుక నింపిన పునాది, రెండవది శిఖరానికి వాడిన గుల్ల ఇటుక.

ఈ ఇటుకలు నీటిలో తేలుతాయి. తేలాలంటే పదార్థ సాంద్రత ఘన సెంటీమీటరుకు ఒక గ్రాముకన్న తక్కువ ఉండాలి. మామూలు కాల్చిన ఇటుక సాంద్రత అంతకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. మట్టిలో కాలిపోయే సేంద్రియ పదార్థాన్ని కలిపి కాల్చినందువల్ల లోపల గుల్లలు ఏర్పడి ఉంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఇసుక పునాది మీద నిలిచే గుడికి బరువైన శిఖరం ముప్పు. రాతి దూలాలు, స్తంభాలు మోసే భారాన్ని తగ్గించడానికి స్థపతులు గాలిని కూడా నిర్మాణ సామగ్రిలో ఒకటిగా చేసుకున్నారు.

తేలే ఇటుక ఆలోచన ఓరుగల్లుకే పరిమితం కాదు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ స్పెయిన్‌లోనూ, ఆసియా మైనర్‌లోని పిటానేలోనూ నీటిలో తేలే ఇటుకలు చేస్తారని తన వాస్తుగ్రంథంలో రాశాడు. అయితే అంతటి బరువైన రాతి ఆలయం మీద, అంతటి ఎత్తున ఆ సూత్రాన్ని అమలు చేసి ఎనిమిది శతాబ్దాలు నిలిపిన ఘనత పాలంపేట శిల్పులది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రామప్ప ఇటుక ‘నాటి థర్మాకోల్’ అని తేలికగా అనేయడం చారిత్రకంగా సరికాదు. ఆ ఇటుక ప్రయోజనం భారాన్ని తగ్గించడం, వేడిని ఆపడం కాదు. రెండింటికీ పోలిక ఒక్కచోటే ఉంది. ఘనపదార్థంలో గాలిని బంధిస్తే బరువు తగ్గుతుంది, వేడి ప్రయాణమూ మందగిస్తుంది. మొదటి ఫలితాన్ని కాకతీయ శిల్పి కోరుకున్నాడు. రెండవ ఫలితాన్ని నేటి గృహస్థుడు కోరుకుంటున్నాడు.

3. బెండు: పదం, పదార్థం:
తెలుగులో తేలిక పదార్థానికి సొంత మాట ఉంది. అది బెండు. కొన్ని మొక్కల కాడల్లో ఉండే మెత్తని, తెల్లని, గుల్లగా ఉండే భాగమే బెండు. బెండు అనగానే తెలుగువారికి గుర్తుకొచ్చేది జీలుగుబెండు. ఇక్కడి జీలుగు చెరువుల్లో, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క. పచ్చిరొట్టగా రైతులు దున్నే జీలుగ వేరు, ఏజెన్సీ ప్రాంతాల్లో కల్లు గీసే జీలుగు చెట్టు వేరు. ఒకే పేరును మూడు మొక్కలు పంచుకోవడం వల్ల పాత రచనలు చదివేటప్పుడు పొరపాటు పడే అవకాశం ఉంది.

బెండుకు తెలుగు జీవితంలో స్థూలంగా మూడు ఉపయోగాలుండేవి. మొదటిది తేలడం. గాలానికి కట్టేదీ బెండే, వల అంచున వరుసగా కట్టేవీ బెండ్లే. వస్తువు ప్లాస్టిక్‌గా మారినా చేపలు పట్టేవారి నోట ఆ మాట నేటికీ నిలిచింది. రెండవది అలంకారం. పెళ్లి బాసికాలు, పూలు, ఆటబొమ్మలు బెండుతో చేసేవారు. పదునైన కత్తితో పలుచని పొరలుగా తీసి, రంగులద్ది, ఆకారమిచ్చే ఆ పని ఓర్పుతో, చేతివాటంతో కూడింది. మూడవది వేడిని ఆపడం. వలస పాలనాకాలంలో దొరలు ధరించిన సోలా టోపీ ఈ జాతి మొక్క బెండుతో చేసిందే. ‘సోలా’ అన్నది ఆ మొక్కకు హిందీ, బెంగాలీల్లో ఉన్న పేరు నుంచి వచ్చింది. ఎండకు సంబంధించిన ఆంగ్లపదంగా దాన్ని పొరబడినవారు చాలామంది. తలకూ ఎండకూ మధ్య బెండులోని గాలి అడ్డుగా నిలిచేది.

తేలడం, అలంకరించడం, వేడిని ఆపడం అనే ఈ మూడు పనులనూ 20వ శతాబ్దపు రెండవ సగంలో థర్మాకోల్ ఒక్కటే లాగేసుకుంది. దాన్ని పూర్తిగా కొత్త అవసరాన్ని పుట్టించిన వస్తువు అనడం కంటె, ముందే ఉన్న అవసరాల వరుసలో బెండు స్థానాన్ని ఆక్రమించిన వస్తువు అనడం సముచితం. తేడా ఒక్కటే. బెండు మట్టిలో కలుస్తుంది, థర్మాకోల్ కలవదు.

4. శిలారసం నుంచి నురుగు పలక దాకా:
థర్మాకోల్ రసాయనికంగా పాలీస్టైరీన్ అనే పాలిమర్. దాని పుట్టుక కూడా ఒక చెట్టు దగ్గరే మొదలైంది. 1839లో బెర్లిన్‌లోని ఎడ్వర్డ్ సైమన్ అనే ఔషధ విక్రేత స్టోరాక్స్ అనే చెట్టుబంకను బట్టీపట్టి ఒక నూనెవంటి ద్రవాన్ని వేరుచేసి, దానికి స్టైరోల్ అని పేరుపెట్టాడు. ఆ బంక మన ఆయుర్వేద అంగళ్లకు కొత్తది కాదు. శిలారసం అనే పేరుతో ధూపద్రవ్యాల్లోనూ, తైలాల్లోనూ వాడుతున్నదే. సైమన్ తీసిన ద్రవం కొంతకాలానికి జిగటగా గడ్డకట్టింది. అది గాలితో కలిసి మారిందని అతడు అనుకున్నాడు. చిన్న అణువులు ఒకదానికొకటి అల్లుకొని పొడవైన గొలుసులుగా మారడమే ఆ మార్పు అన్న సంగతి తేలడానికి హెర్మన్ స్టౌడింగర్ 1920లో ప్రతిపాదించిన బృహదణు సిద్ధాంతం దాకా ఆగవలసి వచ్చింది. ఆ కృషికి 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

1930 ప్రాంతంలో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో పాలీస్టైరీన్ పారిశ్రామిక ఉత్పత్తి మొదలైంది. అప్పటికది గాజులాంటి గట్టి ప్లాస్టిక్ మాత్రమే. దాన్ని నురుగుగా మార్చడం రెండు దారుల్లో జరిగింది. అమెరికాలో డౌ కంపెనీ కరిగిన పాలీస్టైరీన్‌ను యంత్రంలో నొక్కి నురుగుగా సాగదీసి స్టైరోఫోమ్ అనే పేరుతో తెచ్చింది. 1942లో అమెరికా తీరరక్షక దళం దాన్ని ప్రాణరక్షక తెప్పలో వాడింది. పాలీస్టైరీన్ నురుగు చేసిన తొలి పనుల్లో ఒకటి తేలడం, అంటే బెండు పని చేయడమే కావడం గమనార్హం. జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయనజ్ఞుడు ఫ్రిట్జ్ స్టాస్నీ 1949లో మరో పద్ధతి కనుగొన్నాడు. పెంటేన్ అనే సులభంగా ఆవిరయ్యే ద్రవాన్ని పాలీస్టైరీన్ పూసలలో ఇమిడ్చి, ఆ పూసలను నీటి ఆవిరితో వేడిచేస్తే అవి పేలాల్లా ఉబ్బుతాయి. వాటిని అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పడితే ఒకదానికొకటి అతుక్కొని దిమ్మెగా మారతాయి. ఆ దిమ్మెను వేడి తీగతో కోస్తే పలకలు వస్తాయి. మన బజారులోని థర్మాకోల్ ఈ రెండవ రకం. పలకను విరిచినప్పుడు రాలే తెల్లని గుండ్లు ఆ పూసలే. పలక పరిమాణంలో సుమారు 98 శాతం గాలి, మిగిలిన 2 శాతమే పాలీస్టైరీన్.

5. థర్మాకోల్: పేరు పుట్టుక, పలుకుబడి:
ఆంగ్ల, అమెరికన్ వ్యవహారంలో ఈ పదార్థానికి పాలీస్టైరీన్ అనో, స్టైరోఫోమ్ అనో పేరు. ‘థర్మాకోల్’ భారతదేశానికే చెందిన మాట. నేటి బి.ఎ.ఎస్.ఎఫ్. ఇండియా సంస్థ 1943లో బొంబాయిలో ఆర్.ఎ. కోల్ ప్రైవేట్ లిమిటెడ్ అనే పేరుతో నమోదయింది. థర్మాకోల్ ఆ సంస్థ వాణిజ్యనామంగా ప్రచారంలోకి వచ్చి, తర్వాత జాతివాచకమైంది. వేడి అనే అర్థమున్న గ్రీకు మూలపు ‘థర్మో’కు సంస్థ పేరులోని ‘కోల్’ చేరి ఈ పదం ఏర్పడి ఉంటుందని ఊహించడానికి ఆస్కారం ఉంది. చివరి భాగం చల్లదనాన్ని సూచించే ఆంగ్లపదమని కొందరు చెప్పే వ్యుత్పత్తి, ధ్వనిసామ్యం మీద మాత్రమే ఆధారపడిన జానపద నిరుక్తి.

వాణిజ్యనామం జాతివాచకం కావడం తెలుగుకు కొత్త కాదు. వనస్పతి నూనె అంతా డాల్డా అయింది, నకలు ప్రతి జెరాక్స్ అయింది. కాని థర్మాకోల్ ప్రయాణంలో ఒక ప్రత్యేకత ఉంది. తెలుగు లేఖనంలో ఈ పదం థర్మోకోల్, థర్మాకోల్, థర్మాకోల్‌షీట్, ధర్మాకోల్, ధర్మకోల్ అని పలు రూపాల్లో కనిపిస్తుంది. ‘థ’ స్థానంలో ‘ధ’ రావడానికి కారణాలు రెండు. లిపిలో ఆ రెండు అక్షరాల పోలిక ఒకటి. తెలుగువారి ఉచ్చారణలో మహాప్రాణాల నాదశ్వాస భేదం సడలడం మరొకటి. దానికి తోడు ‘ధర్మ’ అనే పరిచిత పదం పరాయి మాటకు చేయూతనిచ్చింది. అన్యదేశ్యాలు తెలుగులో కుదురుకునే క్రమానికి ఇది చక్కని ఉదాహరణ.

ఈ పదం నిలదొక్కుకోవడంతో ‘బెండు’ వాడుక కుంచించుకుపోయింది. పాఠశాల ప్రాజెక్టు కోసం పిల్లవాడు బెండు అడగడు, దుకాణదారూ బెండు అనడు. మాట పోవడం కంటె ముఖ్యమైన నష్టం మరొకటి జరిగింది. బెండు అనేటప్పుడు ఏ మొక్క బెండు, ఏ పనికి పనికొచ్చే బెండు అనే విచక్షణ దానితో పాటే ఉండేది. ‘థర్మాకోల్’ అనే మాట ఆ విచక్షణను మోయదు. దాని పర్యవసానం 7వ విభాగంలో కనిపిస్తుంది.

6. ఓరుగల్లు ఇంటికప్పు: చల్లదనపు చరిత్ర:
ఈ ప్రాంతపు పాత ఇళ్లలో వేడిని ఆపే పని ఏ ఒక్క వస్తువుదీ కాదు, ఇంటి అమరిక మొత్తానిది. తాటికమ్మల గుడిసెలో కమ్మల పొరల మధ్య గాలి నిలిచేది. గూనపెంకల ఇంట్లో పెంకకూ పెంకకూ మధ్య సందుల నుంచి వేడిగాలి బయటికి పోయేది. దంతెలు, దూలాల మీద పరిచిన అటుక ధాన్యానికీ సామానుకూ చోటిచ్చేది. అదే సమయంలో పెంకల వేడికీ కింద మనుషులకూ మధ్య గాలిపొరగా పనిచేసేది. మట్టిమిద్దె మందంగా ఉండి పగటి వేడిని నెమ్మదిగా పీల్చి, రాత్రి నెమ్మదిగా వదిలేది. భవంతి ఇళ్లలో నడిమి వాకిలి గాలికి దారి. వీటిలో ఉష్ణబంధకం అనే పేరుతో కొన్న సరుకు ఒక్కటీ లేదు.

కప్పు మారడం అంచెలంచెలుగా జరిగింది. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ స్థాపించిన పెంకుల కర్మాగారంతో మొదలైన యంత్రపు పెంకు దక్షిణాదంతా వ్యాపించింది. తెలంగాణ పల్లెల్లో దాన్ని బెంగుళూరు పెంక అన్నారు. 1946లో హైదరాబాదులో నెలకొన్న ఆస్‌బెస్టాస్ సిమెంటు పరిశ్రమ చార్మినార్ రేకులను తెచ్చింది. తక్కువ ఖర్చుతో, ఏటేటా పెంక తిప్పించే బాధ లేకుండా కప్పు వేసుకునే అవకాశం కలిగింది. తర్వాతి దశ కాంక్రీటు స్లాబు. రేకు పలుచన, అటుక లేదు. స్లాబుకు మందం ఉన్నా అది వేడిని మోసే పదార్థం. పగలంతా కాగిన స్లాబు రాత్రి గదిలోకి వేడిని దింపుతుంది. కప్పు స్థిరపడింది కాని చల్లదనం పోయింది. ఆ ఖాళీలోకే థర్మాకోల్ పలక వచ్చింది. రేకుల కింద చెక్క చట్రాల్లో పలకలు బిగించుకోవడం, స్లాబు మీద పలకలు పరిచి పైన సిమెంటు వేయించడం అలా మొదలయ్యాయి.

ఈ ఎంపికకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. 125 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు ఉష్ణవాహకత మీటరు డిగ్రీకి సుమారు 1.6 వాట్లు. దాని ఉష్ణనిరోధం 0.125ను 1.6తో భాగిస్తే సుమారు 0.08. థర్మాకోల్ ఉష్ణవాహకత సుమారు 0.035 వాట్లు. 50 మిల్లీమీటర్ల పలక ఉష్ణనిరోధం 0.05ను 0.035తో భాగిస్తే సుమారు 1.43. అంటే స్లాబు మందంలో సగం కూడా లేని పలక స్లాబుకు దాదాపు 18 రెట్లు వేడిని నిరోధిస్తుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాలులు వందల ప్రాణాలను బలిగొన్న నేపథ్యంలో ఈ అంకెలు కేవలం లెక్కలు కావు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పు విధానం వేరొక దారి ఎంచుకుంది. 2028–29 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు సాధించాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. ఆ విధానంలో ప్రధానం తెల్లరంగు, తెల్లపెంకు వంటివాటితో ఎండను తిప్పికొట్టడం. తిప్పికొట్టడం, అడ్డుకోవడం రెండు వేర్వేరు సూత్రాలు. మొదటిది వేడిని కప్పులోకి రానివ్వదు, రెండవది కప్పులోకి వచ్చిన వేడిని గదిలోకి రానివ్వదు. రెండూ కలిస్తేనే పూర్తి ఫలితం. సున్నం కొట్టిన మిద్దె, గాలి నిలిచిన అటుక కలిసి ఒకప్పుడు చేసిన పని సరిగ్గా ఇదే.

7. పలక కొనుగోలు: ఒకే పేరు, వేర్వేరు సరుకులు:
పాలీస్టైరీన్ ఉష్ణబంధక పలకలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4671. ప్రస్తుత ప్రతి 1984 నాటిది. అది ఘన మీటరుకు 15 కిలోల నుంచి 35 కిలోల దాకా సాంద్రతలను పేర్కొంటుంది. సాధారణ రకం, నిప్పు తీసేస్తే మంట దానంతట అదే ఆరిపోయే రకం అని రెండు విభాగాలు చేస్తుంది. బజారులో అలంకారానికి, నమూనాలకు అమ్మే పలకల సాంద్రత తరచు ఈ కనీసపు హద్దుకన్న తక్కువ. అవి తేలికగా కోతకు వస్తాయి, ధరా తక్కువే. పైకప్పుకు మాత్రం అవి సరిపోవు. మనిషి నడిస్తే అణగిపోతాయి, పూసల మధ్య సందుల్లోకి తేమ చేరుతుంది.

రెండు సరుకులకూ రూపం ఒకటే, రంగు ఒకటే, పేరూ ఒకటే. ఇక కొనేవాడు తేడా ఎలా తెలుసుకోవాలి? దానికి తూకమే దారి. మన బజారులో పలక కొలత సాధారణంగా ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. 50 మిల్లీమీటర్ల మందముంటే దాని ఘనపరిమాణం 0.025 ఘన మీటర్లు. 15 కిలోల సాంద్రత గల పలక 375 గ్రాములు, 20 కిలోలదైతే 500 గ్రాములు తూగాలి. 250 గ్రాములే తూగితే అది 10 కిలోల సాంద్రత గల అలంకారపు పలక. కిరాణా దుకాణపు త్రాసు చాలు ఈ పరీక్షకు. బంగారాన్ని గీటురాయిపై పరీక్షించే సమాజం ఇంటికప్పు విషయంలో పేరును నమ్మి ఊరుకోవడం ఆలోచించవలసిన విషయం.

నిప్పు విషయం అంతకన్న ముఖ్యమైంది. పాలీస్టైరీన్ సుమారు 80 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే కుంచించుకుపోతుంది, మంట అంటుకుంటే దట్టమైన నల్లని పొగతో మండుతుంది. కరిగిన చుక్కలు మండుతూ కిందికి రాలతాయి. రేకుల గదిలో కట్టెల పొయ్యి లేదా గ్యాసు పొయ్యి పైన, విప్పి వదిలిన కరెంటు తీగల పక్కన, ఏ కప్పూ లేకుండా వేలాడే సాధారణ రకం పలక ఎండ నుంచి కాపాడుతూనే మరో ముప్పును తలమీద నిలుపుతుంది. జిప్సం పలకతోనో, సిమెంటు పూతతోనో దాన్ని కప్పాలని నిర్మాణశాస్త్రం చెబుతుంది. మంట ఆరే రకంలో చాలాకాలం వాడిన హెచ్.బి.సి.డి. అనే రసాయనాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం 2013లో నిషేధ జాబితాలో చేర్చింది. ఇళ్ల పలకలకు కొంతకాలం మినహాయింపు ఇచ్చి, ఆ తర్వాత ప్రత్యామ్నాయాలకు మారాలని కోరింది.

సొంతంగా పనిచేసుకునేవారు ఎరగవలసిన మరో గుణం కరుగుదల. పెట్రోలు, థిన్నరు, కొన్ని రబ్బరు జిగురులు తగిలితే పలక చూస్తూండగానే కరిగి జిగటగా మారుతుంది. నీటి ఆధారిత తెల్లజిగురు, సిమెంటు ఆధారిత అతుకు మిశ్రమాలే దానికి తగినవి. తన ఇంటి కప్పుకు తానే పలకలు అతికించుకునే చిరుద్యోగికి ఈ సంగతి చెప్పే తెలుగు కాగితం ఒక్కటీ ఆ పలకతో పాటు రాదు.

8. తెలుగునేలపై పాలీస్టైరీన్: విశాఖ సాక్ష్యం:
వరంగల్ బజారులో ఈ పలక నిరపాయంగా కనిపించవచ్చు. దాని ముడిసరుకు కథ అంత నిరపాయమైంది కాదు. 1961లో విశాఖపట్నంలో హిందుస్థాన్ పాలిమర్స్ అనే సంస్థ పాలీస్టైరీన్ తయారీకి నెలకొంది. 1978లో అది యు.బి. గ్రూపులోని మెక్‌డోవెల్ సంస్థలో కలిసింది. 1997లో దక్షిణకొరియాకు చెందిన ఎల్.జి. కెమ్ చేతికి వచ్చి ఎల్.జి. పాలిమర్స్ అయింది.

2020 మే 7 తెల్లవారుజామున, కరోనా లాక్‌డౌన్ సడలుతున్న రోజుల్లో, ఆ కర్మాగారంలో నిల్వ ఉన్న ద్రవ స్టైరీన్ ఆవిరిగా మారి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకింది. 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ దానంతట అదే గొలుసులుగా అల్లుకునే స్వభావం కలది. ఆ చర్య వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి చర్యను మరింత వేగిరపరుస్తుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచాలి, చర్యను ఆపే నిరోధక రసాయనం తగిన పాళ్లలో ఉండేట్టు చూడాలి. వారాల తరబడి పని నిలిచిన ట్యాంకులో ఈ రెండూ లోపించాయని విచారణలు తేల్చాయి. 1839లో సైమన్ సీసాలో గడ్డకట్టిన ద్రవం, 2020లో విశాఖలో ఊపిరి తీసిన ద్రవం ఒకటే. అక్కడ సీసాలో కొద్దిగా, నెమ్మదిగా జరిగిన చర్య ఇక్కడ ట్యాంకులో భారీగా, అదుపు తప్పి జరిగింది.

పూర్తిగా పాలిమర్‌గా మారిన పలక స్టైరీన్ ద్రవంలా విషం చిమ్మదు. కాని వస్తుచరిత్ర రాసేటప్పుడు తయారైన వస్తువును మాత్రమే చూసి, దాన్ని తయారుచేసే చోట బతికే మనుషులను విడిచిపెట్టడం న్యాయం కాదు. బెండు కోసం చెరువులో దిగినవారి శ్రమ మన జానపద అధ్యయనంలో నమోదు కానట్లే, పాలీస్టైరీన్ పక్కన నిద్రించినవారి కథా వస్తువు పేరులో కనిపించదు.

9. చట్టంలో ఒక కుండలీకరణం:
2021 ఆగస్టు 12న కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను సవరించింది. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం 2022 జూలై 1 నుంచి నిషిద్ధమయ్యాయి. ఆ జాబితాలో అలంకారానికి వాడే పాలీస్టైరీన్ ఉంది. పాలీస్టైరీన్ అనే శాస్త్రీయ నామం పక్కన కుండలీకరణాల్లో ‘థర్మాకోల్’ అని చేర్చారు. ఒక కంపెనీ వాణిజ్యనామం ఇలా దేశపు చట్టంలోకి ఎక్కింది. శాస్త్రీయ నామం జనానికి తెలియదని, జనానికి తెలిసిన పేరు ఇదేనని శాసనకర్తలు గుర్తించినట్లే.

ఇక్కడ నిషేధం పదార్థానికి కాదు, ప్రయోజనానికి. అదే పలక వినాయక మండపంలో ఆర్చిగా నిలిస్తే నిషిద్ధం, ఇంటికప్పులో ఉష్ణబంధకంగా ఉంటే కాదు. పేరు ఒకటే అయినచోట చట్టం అమలు కష్టమవుతుంది. పలక దేనికోసం అమ్ముడైందో దుకాణంలో ఎవరూ రాయరు. ‘థర్మాకోల్ నిషేధించారట’ అని విన్న గృహస్థుడు కప్పుకు మంచి పలక కొనడానికి జంకుతాడు. ‘కప్పుకే’ అని చెప్పి మండపానికి కొనేవారిని అడ్డుకునే వీలూ లేదు. సాంద్రత, రకం పలక అంచున ముద్రించి ఉంటే, అలంకారపు సరుకునూ కప్పు సరుకునూ వేర్వేరు పేర్లతో పిలిస్తే ఈ సందిగ్ధం చాలావరకు తొలగుతుంది.

పేర్ల విషయంలో తెలుగుకు కొరత లేదు. ‘ఉష్ణబంధకం’ పాఠ్యపుస్తకాలకు తెలిసిన మాట, కాని బజారులో నిలవదు. దుకాణంలో సులభంగా పలికే పేరు కావాలి. కప్పుకు వాడే సాంద్రమైన పలకను ‘కప్పుబెండు’ అని పిలవవచ్చునని ఈ వ్యాసకర్త సూచన. గాలపు బెండు, వలబెండు వంటి మాటల్లో ప్రయోజనంతో బెండును విశేషించే పద్ధతి వాడుకలో ఉన్నదే. ఆ పద్ధతిలో ఏర్పడిన మాట కొనేవాడి చేత ‘ఏ పనికి?’ అనే ప్రశ్న వేయిస్తుంది. ‘థర్మాకోల్’ అనే మాట వేయించనిది ఆ ప్రశ్ననే.

10. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. గాలిని బంధించి పదార్థాన్ని తేలిక చేసే నేర్పు ఓరుగల్లు ప్రాంతానికి కొత్తది కాదు. రామప్ప ఇటుక అందుకు సాక్ష్యం. అయితే దాని ప్రయోజనం భారం తగ్గించడమే కాబట్టి నేటి ఉష్ణబంధక పలకతో దాన్ని సమానం చేయరాదు.

2. తేలడం, అలంకరించడం, వేడిని ఆపడం అనే బెండు పనులు మూడింటినీ థర్మాకోల్ ఆక్రమించింది. వస్తువుతో పాటు ప్రయోజనాన్ని బట్టి పేరు పెట్టే తెలుగు పద్ధతి కూడా ఈ రంగంలో వెనుకబడింది.

3. థర్మాకోల్ వాణిజ్యనామంగా పుట్టి, జాతివాచకమై, ‘ధర్మాకోల్’ వంటి రూపాలతో తెలుగులో కుదురుకొని, 2021లో చట్టపదమైంది.

4. పాత ఇంటి అమరికలోని గాలిపొర, మందం, తెలుపు పోయిన చోట ఒక్క పలక మీద భారమంతా పడింది. పలక ఆ పని చేయగలదు, కాని తగిన సాంద్రత, తగిన రకం, తగిన రక్షణపూత ఉన్నప్పుడే.

5. ఒకే పేరు వేర్వేరు సరుకులను కలిపివేయడం వల్ల కొనుగోలులో మోసానికి, అగ్నిప్రమాదానికి, చట్టపు అయోమయానికి చోటు ఏర్పడింది.

వరంగల్‌లో వేసవి ఏటా వస్తుంది. రేకుల కింద అద్దెకుండే కుటుంబం ప్రతి ఏటా ఆ పలక కోసం బజారుకు వెళ్తుంది. ఆ కుటుంబానికి అర్థమయ్యే తెలుగులో సాంద్రత అంటే ఏమిటో, మంట ఆరే రకం అంటే ఏమిటో చెప్పే పని రసాయనశాస్త్రానిది మాత్రమే కాదు, తెలుగు శాఖలది కూడా. వృత్తిపదకోశాలు కూర్చిన సంప్రదాయం మనకుంది. కుమ్మరి, కమ్మరి, సాలె వృత్తుల పదాలను సేకరించిన శ్రద్ధతోనే నేటి సీలింగు పనివారి, మండపాల అలంకర్తల, హార్డ్‌వేర్ దుకాణదారుల పదజాలాన్నీ సేకరించవలసి ఉంది. బెండుతో బాసికాలు చేసిన చివరి తరం ఇంకా ఉన్నచోట, వారి పనిపదాలను ముందుగా నమోదు చేయడం ఈ దిశలో తొలి అడుగు కాగలదు.